కలిపినదీ, కారినదీ

ఆదిలాబాద్ చలికాలంలో పొద్దున్నే దుకాణం షట్టరు పట్టుకుంటే, చెయ్యి ఆ ఇనుముకే అంటుకుని ఉండిపోతుందేమో అనిపిస్తుంది. ఎలాగో ఎత్తి, పొయ్యి మీద నీళ్లు పెట్టి, గుడ్డలో కాఫీపొడి పోసి, మొదటి గరిటెడు వేడినీళ్లు నెమ్మదిగా తిప్పుతూ పోస్తాను. పొడి ఉబ్బుతుంది, బుడగలు కక్కుతుంది, నిద్ర చాలని మనిషిలా మెల్లగా ఒళ్లు విరుచుకుంటుంది. అప్పుడొక వాసన లేస్తుంది. మాడీమాడని బెల్లం, తొలివానకు తడిసిన నల్లరేగడి, ఎక్కడో వేయించిన పల్లీలు. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే విమలక్క వచ్చి పక్కన నిలబడ్డట్టే. వెంటనే వీపు నిటారుగా పెట్టుకుంటాను. వంగి నిలబడితే ఆమెకు నచ్చదు.

విమలక్కది లక్సెట్టిపేట. హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో కాఫీ కౌంటరు మీద ఏళ్లకేళ్లు పనిచేసి, దాచుకున్నదంతా ఒక యంత్రం మీద పెట్టి, కరీంనగర్ కోర్టు దారిలో చిన్న దుకాణం తెరిచింది. చాయ్ తప్ప మరొకటి ఎరగని వీధిలో కాఫీ, అందులోనూ పాలు లేని నల్ల కాఫీ! ఊరు ఆమెను చూసి నవ్వింది. నవ్విన వాళ్లలో మొదటి వరుసలో నేనున్నాను. పదో తరగతి నన్ను వద్దన్నది, నేనూ పెద్దగా బతిమాలలేదు. మరమగ్గాల షెడ్డులో చేరాను. ఆ మోతలో పక్కవాడికి ‘దారం తెగింది’ అని చెప్పాలన్నా ఊరికి దండోరా వేసినట్టు అరవాలి. అలా పెరిగిన గొంతు నాది. షెడ్డు మూతపడ్డాక పని వెతుక్కుంటూ తిరుగుతూ ఒకరోజు ఆ దుకాణంలో దూరి చాయ్ అడిగాను. లేదన్నది.

“చాయ్ లేదా? మరి గింత పెద్ద మిషిన్ దేనికక్కా, ఇస్త్రీకా?”

“నీ నోటికి ఇస్త్రీ చేసేతందుకు. కూసో.”

ఇంత వేగంగా తిరిగొచ్చే జవాబు నాకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. కూర్చున్నాను. మర్నాటి నుంచి అక్కడే పని.

ఆమె దగ్గర రెండు రకాల నల్ల కాఫీ ఉండేది. ఒకటి యంత్రంలోది. మెత్తటి పొడిని గట్టిగా అదిమి బిగిస్తే, యంత్రం దాని మెడ మీద కూర్చున్నట్టుగా వేడినీళ్లను బలవంతంగా నెట్టి, నాలుగు గుటకల చిక్కటి రసం పిండుతుంది. ఎస్ప్రెసో అంటారు. పైన లేత గోధుమరంగు నురగ. అది అలాగే తాగితే మనవాళ్లు కషాయం తాగినట్టు మొహం పెడతారు కాబట్టి, దానికి వేడినీళ్లు చేర్చి గ్లాసు నింపి ఇస్తారు. రెండోది గుడ్డలోది. పొడి కొంచెం బరకగా ఉండాలి. నీళ్లు తమ బరువుతో తామే దిగి, చుక్కచుక్కగా కిందికి వస్తాయి. తొందరపెడితే పలచన, మరిచిపోతే చేదు. మొదటిది నాలుక మీద బరువుగా కూర్చుంటుంది, మింగాక కూడా లేచి పోదు. రెండోది తేలిక, తేట. చల్లారుతున్న కొద్దీ ఇందాక లేని రుచి ఒకటి బయటికి వస్తుంది. ఇదంతా నేను ఇప్పుడు ఇలా రాస్తున్నాను గానీ ఆమె చెప్పింది ఒక్క ముక్కే: “మిషిన్ దబాయించి తీసుకుంటది, గుడ్డ బతిమిలాడి తీసుకుంటది. ఎవలి అలవాటు వాళ్లది.”

మా దుకాణానికి రోజూ వచ్చేవాళ్లలో విత్తనాల వ్యాపారి కిష్టయ్య సేటు ఒకడు. డాక్టరు పాలూ చక్కెరా మానమన్నాడు కాబట్టి గుడ్డ కాఫీ తాగేవాడు. ఒక పొద్దున జనం ఎక్కువై గుడ్డలోది అయిపోయింది. యంత్రం మీద చేసి ఇద్దామని రసం పిండి, కెటిల్ ఎత్తి గ్లాసులో నీళ్లు పోశాను. సేటు కళ్లు పెద్దవయ్యాయి.

“ఏయ్! ఏం చేస్తున్నవ్రా? నా ముంగట్నే నీళ్లు కలుపుతున్నవ్!”

“కాఫీకి దూపయింది సేటూ, నీళ్లు తాగుతున్నది,” అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సేటు మాత్రం నవ్వలేదు. “నీళ్లు కలిపి పైసలు తీస్కుంటున్రు! పాలోళ్లు నయం గదరా మీకన్న! వాళ్లు చాటుకన్న కలుపుతరు!” అని కోర్టు దాకా వినిపించేలా అరిచి, గ్లాసు ముట్టకుండానే వెళ్లిపోయాడు.

వేరే ఊళ్లలో ఆ మాటకు అంత బరువు ఉండదేమో. మా దగ్గర ‘నీళ్లు కలిపిన్రు’ అంటే దొంగతనం కన్నా ఒక మెట్టు నీచం. సాయంత్రానికి మాట మార్కెట్ దాకా పాకింది. వకీళ్లు ఫ్లాస్కు పంపడం మానేశారు. వారం తిరగకముందే కుర్చీలు ఖాళీ. నేను ఎదురుపడిన ప్రతివాడికీ అది అలా చేసే కాఫీయేనని చెప్పి చూశాను. చెప్పిన కొద్దీ అనుమానం పెరిగింది. దోషం లేనివాడు ఇంత మాట్లాడతాడా అని వాళ్ల మొహాల్లో కనిపించేది. ఇలాగే సాగితే దుకాణం మూతపడుతుందని ఇద్దరికీ తెలుసు. దుకాణం పోయినా ఆమె మళ్లీ ఎక్కడైనా పని చేసుకోగలదు. ఈ మాటను మాత్రం మీద వేసుకుని బతకలేదు. అది ఆమె ముఖంలోనే తెలుస్తోంది.

“మిషిన్‌కు ఒక పరదా కడదామక్కా. నీళ్లు పోసేది కనవడది,” అన్నాను.

ఆమె తుడుస్తున్న గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. వాళ్ల నాన్న ఓదెలు లక్సెట్టిపేటలో సైకిల్ మీద పాలు పోసేవాడట. ఒక ఎండాకాలం మేత మారి పాలు పలచబడ్డాయి. నీళ్లు కలిపాడని ఎవరో అన్నారు.

“అప్పుడు మా బాపు ఒట్లు వెట్టలే, కొట్లాడలే. తెల్లారి బర్రెను తోలుకొని పోయి, వాళ్ల వాకిట్ల కట్టేసి, వాళ్ల చెంబులనే పిండిండు. గా ఎండకాలమంత ఇల్లిల్లు గట్లనే తిరిగిండు. పరదా కడ్తే కలిపినమనే అర్థం శంకర్.”

“అయితే మిషిన్ను గూడ ఇల్లిల్లు తోలుకపోదామా అక్కా? గడ్డి ఎవలెయ్యాలె?”

ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే, “తోలుకపోవుడు కాదు గని, తిప్పుదాం పా,” అంది.

పైపుల పని చేసేవాడిని పిలిచి గొట్టాలు పొడిగించి, గోడవైపు ఉన్న యంత్రాన్ని వీధి వైపు తిప్పాము. పిండేది, పోసేది అంతా రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడుతుంది. ఇక నా వైపు తిరిగి, “నీ నోరు ఎవ్వలతోని మూసుడు కాలే. నేను దానికి పని వెడుతున్న. నీళ్లు పోసినప్పుడల్లా ఒర్లు,” అంది.

మర్నాడు కెటిల్ ఎత్తి, మరమగ్గాల గొంతు మొత్తం తీశాను. “నీళ్లు కలుపుతున్నం! సూసి తాగుండ్రి! నీళ్లు కలుపుతున్నం!”

వీధి ఆగిపోయింది. దొంగ తానే దొంగనని అరిస్తే చూడనివాడెవడు? జనం మూగారు. వాళ్ల వెనక కిష్టయ్య సేటు కూడా వచ్చాడు. విమలక్క ఆయన ముందు రెండు గ్లాసులు పెట్టింది.

“సేటూ, గిది కారింది. నీళ్లు పొడిలకెళ్లి నడిసొచ్చినయి. గిది కలిపింది. పిండిన రసంల నీ ముంగట్నే పోసినం. రెండిట్ల నీళ్లే ఎక్కువ. నువ్వన్నది అబద్ధం కాదు, మేం నీళ్లు కలుపుతం. దాసిపెట్టి మాత్రం కలపం. తాగి సూడు.”

సేటు మొదట కారినది తాగాడు. తెలిసిన రుచే, తలూపాడు. కలిపినది తాగి ఆగాడు. మళ్లీ తాగాడు. నేను కెటిల్ పట్టుకుని ఆయన మొహమే చూస్తున్నాను.

“గది మెల్లగ పలకరిస్తది,” అన్నాడు చివరికి. “గిదేమో గల్ల వట్టుకొని అడుగుతది. నాకు గీ నీళ్లు కలిపిందే కావాలె. రేపటికెళ్లి గిదే పొయ్యి.”

జనం గొల్లున నవ్వారు. సేటు కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి కరీంనగర్‌లో మా కాఫీలకు ఇంగ్లీషు పేర్లు పోయాయి. ‘కలిపింది ఒకటి, కారింది రెండు’ అని వకీళ్లు కోర్టు మెట్ల మీద నుంచే కేకేసేవాళ్లు. రెండింటిలో ఏది గొప్పదని ఎవరైనా అడిగితే విమలక్క తేల్చేది కాదు. “తాగేటోన్ని అడుగు,” అనేది.

కొన్నేళ్లకు నేను ఆదిలాబాద్‌లో సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. మొదటి రోజు ఆమె బస్సెక్కి వచ్చింది. నేను భయభక్తులతో గుడ్డలో వడకట్టి ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, “ఇది కారింది కాదురా, ఏడ్సింది,” అంది. తానే లేచి పొడి మళ్లీ పట్టించి, నీళ్లు ఎలా పోయాలో చెయ్యి పట్టుకుని చూపించి, రెండో గ్లాసు తాగి వెళ్లింది. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఆమె పోయినప్పుడు కిష్టయ్య సేటు కోర్టు దారిలో నిలబడి, వచ్చినవాళ్లకు యంత్రం తిప్పిన కథ తానే చెప్పాడు. తను మొదట అన్న మాటతో సహా.

మొన్నటి వానలకు నా దుకాణంలో పొడికి చెమ్మ తగిలింది. కాఫీలో మెరుపు పోయింది. చక్కెర ఎక్కువ వేస్తే ఎవరికీ తెలియదు. అయినా బయటికి వచ్చి నిలబడి అరిచాను: “ఇయ్యాల కాఫీ మంచిగ లేదు! పక్క హోటల్ల చాయ్ తాగుండ్రి!”

బోథ్ నుంచి వచ్చే, మాటలో మరాఠీ కలిపే పత్తి వ్యాపారి ఒకాయన బండి దిగుతూ ఆగిపోయాడు. “అరే భావూ, నీ దుకాణం ముంగట నిలవడి నువ్వే గిట్ల ఒర్లితే ఎట్ల? ఎవలు నేర్పిన్రు నీకు గీ యాపారం?”

“కరీంనగర్ల మా అక్క.”

“అట్లనా? అయితే గా మంచిగలేని దాన్నే ఒకటి పొయ్యి. సూస్త.”

పోశాను. ఒక గుటక తాగి, మొహం వంకర పెట్టి, నాకన్నా పెద్ద గొంతుతో వీధివైపు తిరిగి అన్నాడు: “నిజంగనే మంచిగ లేదు!”

దుకాణం తెరిచిన నాటి నుంచి నేను అంత గర్వపడిన పొద్దు మరొకటి లేదు.