టాలెంట్ సెక్షన్‌లో పూల బోర్డరు

ఇప్పుడంటే ఇంటికో మేధావి పుడుతున్నాడు, పక్కింట్లో ఇద్దరు. ఊయల దిగకముందే వాడు మామూలు పిల్లాడు కాదని ఎవరో ఒకరు ఫీజు పుచ్చుకుని మరీ చెప్పిపోతున్నారు. మేం ఢిల్లీలో కాపురమున్న తొంభైలలో అలా కాదు, తెలివితేటలు కూడా రేషన్ మీదే దొరికేవి, అదీ తండ్రి హోదాని బట్టి. ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్లకి జీతాన్ని బట్టి అంకెలుండేవి. మా అన్నయ్యది టైప్ టూ, అంటే ఇరుకు గదులు, గుమాస్తా బతుకు. ఆయన పై అధికారి డిప్యూటీ సాబ్‌ది టైప్ ఫైవ్. (మధ్యలో మూడు, నాలుగు టైపుల వాళ్లకి ఎప్పుడూ పైకే చూసి చూసి మెడలు పట్టేసి ఉండేవి.) నేను పదో తరగతితో బడికి దండం పెట్టి, దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద దొరికిన పాత పుస్తకాలతో నన్ను నేనే చదివించుకున్నవాణ్ణి. కరోల్ బాగ్‌లో ఒక మోటారు పంపుల దుకాణంలో బిల్లులు రాస్తూ అన్నయ్య ఇంటి వరండాలో మంచం వేసుకున్నాను. ముప్పై నిండలేదు, పెళ్లి కాలేదు, కాని ఈ దేశపు చదువులన్నీ తప్పని మాత్రం గట్టిగా తెలుసు. (ఇప్పటికీ తెలుసు.)

అన్నయ్య కూతురికి అప్పుడు పదేళ్లు. వదిన దానికి పెట్టిన పేరు ఎందుకమ్మ. కుక్కర్ మూడో కూతకే ఎందుకు దించాలి, రెండో కూతప్పుడు లోపల పప్పు ఏం చేస్తూ ఉంటుంది అని అడిగే రకం. బడిలో లెక్కలు అందరికన్నా ముందు ముగించి కూర్చుంటుందని, మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే పని అప్పగించారు. మొదటి పేరు తనదే రాసుకుని వచ్చింది. పై వాటాలో పంజాబీ ఆంటీ, "బాదాం ఖిలావో జీ, దిమాగ్ తేజ్ హోగా" అని వదినకి బుర్ర పదునెక్కే సలహా చెప్పింది. "తేజ్ ఎక్కువై చస్తున్నాం, తగ్గించేదేమైనా ఉంటే అడుగు" అన్నాడు అన్నయ్య. వదిన మాత్రం బాదం ధర విని, రాత్రి నానబెట్టిన వేరుశనగ గుళ్లు పెట్టేది.

ఆ ఏడు బడిలో తెలివైన పిల్లల కోసం టాలెంట్ సెక్షన్ అని ఒకటి తెరిచారు. ఇంటర్వ్యూలో ఫలానా దేశానికి రాజధాని ఏది అని అడిగితే, మా ఎందుకమ్మ, "రాజధాని ఇదే అని ఎవరు నిర్ణయిస్తారు మేడమ్?" అని ఎదురడిగింది. ఏకాగ్రత లేదని తేల్చి మామూలు సెక్షన్‌లోనే ఉంచారు. డిప్యూటీ సాబ్ కొడుక్కి ఏకాగ్రత ఉందట, తీసుకున్నారు. ఆ సెక్షన్‌లో ఉన్న తండ్రుల జాబితా చూస్తే (పిల్లల జాబితా అనాలేమో) టైప్ ఫోర్‌కి కింద ఒక్క మేధావీ లేడు.

ఒక సాయంత్రం అన్నయ్య గోధుమరంగు అట్ట ఉన్న ఫైలొకటి ఇంటికి తెచ్చాడు. ఎర్ర టేపు, మీద అర్జెంట్ అని చీటీ. లోపల చూస్తే సాబ్ కొడుకు హోంవర్క్! నీళ్ల ట్యాంకు నిండగానే మోగే బజర్ ఒకటి తయారు చెయ్యాలట. సాబ్ దాన్ని సెక్షన్ ఆఫీసరుకి మార్క్ చేశారు, ఆయన అన్నయ్యకి మార్క్ చేశాడు. అన్నయ్య తన కింద ఎవరున్నారా అని ఇల్లంతా చూశాడు. ఎందుకమ్మ అప్పటికే టేపు విప్పేసింది.

"మరి నా కింద ఎవరు నాన్నా?"

"బాబాయ్ ఉన్నాడుగా" అంది వదిన, పోపు వేస్తూ.

అలా భారత ప్రభుత్వంలో అట్టడుగున నాకో ఉద్యోగం దొరికింది. టార్చి సెల్లు పట్టుకోవడం, తీగలు గీరడం, నేల మీద నీళ్లు తుడవడం. థర్మోకోల్ ముక్క నీటితోపాటు లేచి, పాత బిస్కెట్ డబ్బా నుంచి కత్తిరించిన రెండు రేకుల్ని కలిపితే బజర్ మోగాలి. మొదటిసారి మోగలేదు. రెండోసారి నీళ్లు పొయ్యకుండానే మోగింది. మోగనప్పుడల్లా ఆ పిల్ల ముఖం పండగ చేసుకున్నట్టు ఉండేది. "రుకో బాబాయ్, రుకో! నాకు చెప్పొద్దు" అనేది. (నాకు తెలిస్తే కదా చెప్పడానికి.)

ఎగ్జిబిషన్‌లో దానికే మొదటి బహుమతి వచ్చింది, సాబ్ కొడుకు పేరు మీద. ముఖ్య అతిథి ముద్దుగా, "థర్మోకోల్ ఎందుకు తేలుతుంది బేటా?" అని అడిగితే, ఆ పిల్లాడు నిజాయితీగా, "సర్, యే పాపా కే ఆఫీస్ సే ఆయా హై" అని, అది నాన్న ఆఫీసు నుంచి వచ్చిందని చెప్పేశాడు. అయినా కప్పు ఇచ్చారు. మామూలు సెక్షన్ వరసలోంచి మా పిల్ల చప్పట్లు కొడుతూ, "మోగింది చూశావా బాబాయ్!" అని అరిచింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మర్నాడే టాలెంట్ సెక్షన్ ఇన్‌ఛార్జి మేడమ్ ముందు నిలబడ్డాను. పంపులు అమ్ముతూ నేర్చుకున్న హిందీ నాది, గ్యారంటీ, వాపసు తప్ప పెద్ద మాటలు రావు. ఆ మోడల్ మా అమ్మాయి చేసిందని, తననీ ఆ సెక్షన్‌లో చేర్చుకోవాలని చెప్పాను. "తో క్యా హువా? ఏ మోడలైనా ఎవరో ఒకరు చేసిందే కదా" అన్నారావిడ. రోజూ వెళ్లాను, రోజూ ఉపన్యసించాను. ఇంతలో ఒక అధికారికి షిల్లాంగ్ బదిలీ అయి, ఆయనతోపాటు ఒక టాలెంటూ బదిలీ అయిపోయి, సీటు ఖాళీ అయింది. "ఠీక్ హై భాయీసాబ్, పిల్లని కల్ సే భేజ్ దీజియే. లేకిన్ ఆప్ మత్ ఆయియే" అని, రేపట్నుంచి పిల్ల వస్తే చాలు, నేను మాత్రం రావద్దని చేతులు జోడించారు మేడమ్. నేను ఎర్రకోట గెలిచినవాడిలా లడ్డూలు పట్టుకుని ఇంటికొచ్చాను.

టాలెంట్ సెక్షన్‌లో అన్నీ గ్రూపులే. మా పిల్ల గ్రూపుకి లీడరు సాబ్ కొడుకే. మోడల్ బజార్లో తయారుగా దొరుకుతుంది, మగపిల్లలు మోసుకొస్తారు, ఆడపిల్లలు చార్టు చుట్టూ పూల బోర్డరు వేస్తారు. హెడింగ్ కింద రెండు రంగుల గీతలు గీస్తారు. ఇక ఒకే గ్రూపు పిల్లలు కాబట్టి అన్నయ్యకి ఫైలు పంపడం మర్యాద కాదని సాబ్ మానేశారు. నెల తిరిగేసరికి మా ఎందుకమ్మ ఏదీ అడగడం మానేసింది.

"చూశావురా, పిల్ల ఎంత బుద్ధిమంతురాలైందో! టాలెంట్ సెక్షన్ అంటే అదీ!" అని అన్నయ్య మురిసిపోయాడు.

వదిన మురవలేదు. "ఏమయ్యా, కుక్కర్ ఐదు కూతలు కూసినా తలెత్తి చూళ్లేదు. దానికి ఒంట్లో బాగుందో లేదో కనుక్కో" అంది నాతో.

అడిగాను. అది గులాబీ రేకు దిద్దుతూనే, "అక్కడ ఏదీ చెడిపోదు బాబాయ్. బోర్ హోతా హై. నన్ను వాపస్ పంపించెయ్యవా?" అంది.

మళ్లీ వెళ్లాను. అమ్మిన పంపు తిరిగొస్తే మా సేఠ్ ఎలా చూస్తాడో మేడమ్ నన్నలా చూశారు. తన సర్వీసులో పైకి పంపమని ఏడ్చినవాళ్లే గాని కిందికి దించమన్నవాడు లేడన్నారు. పరీక్ష తప్పితే తప్ప కుదరదన్నారు. ఆ ముక్క ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఆ పిల్ల చాలా రోజుల తర్వాత పెన్సిల్ కింద పెట్టింది.

మొదటి పరీక్షలో జవాబులన్నీ తప్పులే రాసిందట. పాసైపోయింది, పైగా స్టార్ ఇచ్చారు. "బోర్డరు బాగుందట బాబాయ్!" అని నెత్తి కొట్టుకుంది. రెండో పరీక్ష నుంచి మాత్రం గెంతుతూ వచ్చింది.

"ఈసారి అన్నీ కరెక్ట్ రాశా. మార్జిన్ గీయలేదు, హెడింగ్ కింద గీత లేదు, ఒక్క పువ్వు కూడా వెయ్యలేదు!"

టాలెంట్ సెక్షన్‌కి తగదని తేల్చి వెనక్కి పంపేశారు.

అన్నయ్య నాతో మాటలు మానేశాడు. ఆఫీసులో తలెత్తుకోలేకపోతున్నానని వదినతో చెప్పుకున్నాడు. వారం తిరిగాక, ఎవరి ముఖమూ చూడకుండా, పొయ్యి పక్కన ఒక ఫైలు పెట్టాడు. బజారు మోడల్ తెచ్చిన రోజే విరిగిపోయిందట, సాబ్‌కి పెరిస్కోప్ అర్జెంటుగా కావాలట.

"మన పిల్లకి టాలెంట్ లేదుగా అన్నయ్యా?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకోరా" అంటూ, తన కొత్త చెప్పుల అట్టపెట్టె తానే ఖాళీ చేసి పిల్ల ముందు పెట్టాడు.

నేను రెండు అద్దం ముక్కలు ఏటవాలుగా పట్టుకుని కూర్చున్నాను. పిల్ల పెట్టె కింద నుంచి ఒక కన్ను మూసి చూస్తూ, "బాబాయ్, అద్దంలో కుడి ఎడమ అవుతుంది కదా, మరి పైది కింద ఎందుకవదు?" అంది. ఢిల్లీలో ఉన్న చదువుకున్నవాళ్లందరికీ బుద్ధి చెప్పగలిగిన నేను అద్దం ముక్కలు అటూ ఇటూ సర్దడం మొదలుపెట్టాను. వదిన వంటింట్లో కిసుక్కున నవ్వింది.

"మాట్లాడకు, కదలకు" అంది ఎందుకమ్మ. "నేనే చూస్తా."

కాళ్లు తిమ్మిరెక్కినా కదలలేదు. వాదించకుండా, ఎవరినీ తిట్టకుండా, రెండు అద్దాల మధ్య బొమ్మలా కూర్చున్న ఆ కోపిష్టి కుర్రవాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. ఈ వయసులో అందరూ నన్ను సభల్లో మాట్లాడమనే పిలుస్తున్నారు, శాలువాలు కూడా కప్పుతున్నారు. అలా కదలకుండా కూర్చోమనేవాళ్లే ఎవరూ లేరు.