నీళ్ళ కారుకు కట్టిన పసుపు చీటీ

ముందుగా పాఠకమహాశయులకు సాష్టాంగ నమస్కారాలతో క్షమాపణ. ఏనాడూ ఏదీ ఊరికే నమ్మని ఒక మనిషి కోసం మీ అమూల్యమైన కాలాన్ని వృథా చేయబోతున్నాను. ఆయనే ఉంటే ఈ వ్యాసాన్నీ నమ్మేవాడు కాదు. రెండు పేరాలు చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఇదంతా చూసినోడు ఎవురు?" అని అడిగేవాడు.

పోయిన నెల మా ఊరు అత్తిముగం నుంచి ఫోన్ వచ్చింది, పెద్దనాయన పోయినాడని. మా నాన్నకు అన్న. కృష్ణగిరిలో ఆఫీసు మెట్ల మీద నిలబడి, ఫోన్ చేసిన పక్కింటాయన్ను నేను అడిగిన మొదటి మాట: "నువ్వు చూసినావా, ఎవరన్నా చెప్పినారా?" ఆయన మెల్లగా అన్నాడు, "నువ్వూ ఆయన మాదిరే అయిపోయినావు కదప్పా." అప్పుడు నమ్మాను.

హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పెద్దనాయన పని, తయారైన సామాన్లను కొలిచి చూడటం. బాగుంటే ఆకుపచ్చ చీటీ కట్టాలి, చెడితే ఎరుపు. ఏదీ తేలకపోతే పసుపు, అంటే ఆపి ఉంచమని. ప్రతి చీటీ మీదా రెండు గడులుంటాయి: చేసినవారు, చూసినవారు. రెండింట్లో ఒకే సంతకం ఉండకూడదు. అదే ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసే మా నాన్న తీసిన ఇనుప ముక్కలకు కూడా ఆయన మొహమాటం లేకుండా ఎర్రచీటీలు కట్టేవాడు. రాత్రికి ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని భోంచేసేవాళ్ళు.

ఇంట్లో కూడా ఆ చీటీలే. పండిందో లేదో తేలని పనసకాయకు పసుపు. పెళ్ళిళ్ళ పేరయ్య తెచ్చిన జాతకానికి పసుపు. పెద్దమ్మ ఓసారి విసిగిపోయి, ఆయన చొక్కా వెనకే ఎర్రచీటీ గుచ్చి డ్యూటీకి పంపింది. హోసూరులో బస్సు దిగేదాకా ఆయనకు తెలియలేదు. తెలిశాక ఆయన అడిగింది ఒకటే, చూసినవారి గడిలో సంతకం ఎందుకు పెట్టలేదని.

తొంభైల చివర్లో, నేను కాలేజీలో చేరిన ఏడాది, నీళ్ళతో నడిచే కారు మా ఊరికి వచ్చింది. తెచ్చినాయనది ఏ ఊరో ఎవరికీ తెలియదు. తమిళంలో ఒట్లు పెట్టేవాడు, కన్నడంలో సైన్సు చెప్పేవాడు, తెలుగులో కన్నీళ్ళు పెట్టుకునేవాడు. డిక్కీలో స్టీలు డ్రమ్ము. అందులో బిందెడు నీళ్ళు పోసి, చెంచాడు తెల్లపొడి వేసి తాళం తిప్పితే కారు గుర్రుమనేది. ఊరంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది మా నాన్న.

శూలగిరి పక్క ఆ కార్లకు ఏజెంటుగా నాన్ననే పెట్టుకుంటానన్నాడు కారాయన. ఒకటే షరతు, ఉద్యోగం పూర్తిగా వదిలి రావాలి. నాన్న రాజీనామా కాగితం రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. శనివారం సెకండ్ షిఫ్టుకు వెళ్ళి ఇచ్చేస్తానన్నాడు. అమ్మ మూడు రోజులుగా ఆయనతో మాట్లాడటం మానేసింది. పెద్దనాయన మాత్రం మాట్లాడాడు.

"నీళ్ళంటే ఏమనుకుంటివి? అది ఒకతూరి కాలిపోయిందే. బూడిదను మళ్ళా పొయ్యిలో పెడితే సంగటి ఉడుకుతుందా?"

"నీకు అన్నీ అనుమానమే అన్నా. కారు పోతా ఉండాది కదా, కండ్లు లేవా?"

దానికి పెద్దనాయన చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది: "అందరూ అది బయల్దేరేది చూస్తారు. నిలిచేది చూడాలప్పా."

శనివారం పొద్దున బడి మైదానంలో పరీక్ష పెట్టాడు. కారు నిలిచినచోటే ఇంజను ఆడుతూ ఉండాలి, అడిగినన్ని నీళ్ళు పోసుకోవచ్చు. వెనక సీటు ఎత్తి చూపించమంటే, రహస్యం బయటపడిపోతుందని కారాయన ఒప్పుకోలేదు. సరే అని పెద్దనాయన ముక్కాలిపీట వేసుకుని, పక్కనే గోనెసంచి పరిచి, దాని మీద గడియారం, నోటుబుక్కు పెట్టుకున్నాడు. గంటకోసారి లేచి, పొగగొట్టం దగ్గర తువ్వాలు పట్టి వాసన చూసి రాసుకునేవాడు. పెట్రోలు వాసనే వస్తోందన్నాడు. ఆ పొడి వాసనే అలా ఉంటుందన్నాడు కారాయన. సీటు కింద దాచిన డబ్బా ఏదైనా ఉంటే సాయంత్రానికి ఖాళీ కాకతప్పదని పెద్దనాయన లెక్క.

కంపెనీ బస్సు సాయంత్రం దాకా ఆగదు కదా. ఒంటిగంటన్నరకు వస్తుంది. ఒంటిగంట దాటినా ఇంజను ఆడుతూనే ఉంది. నాన్న జేబు తడుముకున్నాడు.

"యా వరకు చూస్తావన్నా?"

"నిలిచే వరకు."

"నాకు బస్సు వస్తుంది."

తేలనిదాన్ని తేలిందని చెప్పడం పెద్దనాయనకు రాదు. తమ్ముడి కోసమైనా రాదు. ఆయన గడియారం వైపు చూడటం, చూసి తల తిప్పుకోవడం నేను గమనించాను.

రోడ్డు మలుపులో బస్సు హారన్ వినబడింది. నాన్న లేచాడు. అప్పుడే ఇంజను ఒక్కసారి వణికి ఆగిపోయింది.

ఈలలు, నవ్వులు. కారాయన తాళం తిప్పీ తిప్పీ చెమటలు కక్కాడు. పెద్దనాయన తువ్వాలు తీసుకుని కారు వెనక్కి వెళ్ళి, వంగి, లేచి, ఏమీ అనకుండా వచ్చాడు. ఈలోగా ఊరి కుర్రాళ్ళు కారును కారాయనతోసహా రోడ్డు మీదికి తోసేశారు. నాన్న ఎవరి వైపూ చూడకుండా బస్సెక్కాడు. కాగితం జేబులోనే ఉండిపోయింది. ఆ ఉద్యోగంతోనే నా డిగ్రీ పూర్తయింది, చెల్లెలి నర్సింగూ పూర్తయింది.

గోల సద్దుమణిగాక పెద్దనాయన నన్ను పిలిచాడు. "పల్లంలో కారు మళ్ళా స్టార్టయింది. విన్నావా?"

"యాడ పెద్దనాయనా, నాకేం వినబడలేదే."

ఆయన నా మొహంకేసి చాలాసేపు చూశాడు. ఆ చూపుతోనే ముక్కల్ని కొలిచేవాడు. "నీళ్ళు తీరి నిలిచినా, పెట్రోలు తీరి నిలిచినా, బండి దగ్గి దగ్గి నిలుస్తుంది. ఇది గొంతు పట్టుకున్నట్టు నిలిచింది," అన్నాడు.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ టీకొట్టులో ఎవరైనా నీళ్ళ కారు గుట్టు రట్టు చేసినావని పొగిడితే, "నేను యాడ తేల్చినాను? మోసమే అయ్యుంటుంది. కానీ తేలలేదు," అనేవాడు. పెద్దమనిషి, పొగడ్తలు గిట్టవు అనుకునేవాళ్ళు జనం. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాణ్ణి.

దినం రోజున పెద్దమ్మ ఆయన పనిముట్ల డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. "నీకే ఇమ్మన్నాడప్పా, ఎందుకో చెప్పలే." లోపల ఆయన కొలతల సామాన్లు. వాటి కింద ఉతికి, నాలుగు మడతలు పెట్టిన గోనెగుడ్డ ముక్క. ఒక అంచున మసి పోలేదు. దానికి పురికొసతో పసుపు చీటీ కట్టి ఉంది. చూసినవారి గడిలో పెద్దనాయన సంతకం, ఆ శనివారం తేదీతో. చేసినవారి గడి ఖాళీ.

జీవితంలో చూసినదాన్ని చూసినట్టు చెప్పకుండా ఆయన ఒక్కసారే ఊరుకున్నాడు. నీళ్ళ కారు నిజమో అబద్ధమో ఇక ఎప్పటికీ తేలదు. సాయంత్రం దాకా ఆగి ఉంటే తేలేది.

నిన్న ఆ ఖాళీ గడిలో సంతకం చేశాను. నాన్నకు ఈ సంగతి ఇక్కడ చదివితేనే తెలుస్తుంది. బస్సు రాబోతోందని, పెద్దనాయన పీట పక్కనున్న గోనెసంచిలోంచి ఒక ముక్క చించి, బిందెలో తడిపి, ఆ కారు పొగగొట్టంలో కుక్కింది నేనే.