ఉత్త మిషను చప్పుడు

దర్జీ కుట్టిన చొక్కాలకు ఇరవై రెండేళ్లుగా బొత్తాలు కుట్టేది ఆయన భార్యే. సూది నోట కరుచుకుని కూడా నవ్వగల మనిషి. దర్జీకి గుండెపోటు వచ్చాక ఆ నవ్వు ఎటు పోయిందో! ఆ రోజుల్లో గుండెపోటుకు వైద్యమంటే మంచమే. ఆరు వారాలు కదలకూడదు. అన్న ఎక్కడ పనిలోకి దిగుతాడోనని మరిది తొక్కుడు మిషను బెల్టు ఊడదీసి అటకమీద పడేశాడు.

మూడో వారానికి దర్జీ కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. ఆమె హడలిపోయి, వీధి చివర కొత్తగా గది తీసుకున్న పరదేశి డాక్టరును పిలిచింది. కనబడ్డవాళ్లనల్లా నడవమంటాడని వీధివాళ్లు ఆయనకు నడక డాక్టరని పేరు పెట్టారు. మనిషికి భాష సగమే వచ్చు, భయం మాత్రం బొత్తిగా లేనట్టుండేవాడు.

"బెల్టు తగిలించండి. దారం వద్దు, బట్ట వద్దు. రోజూ పది నిమిషాలు తొక్కాలి," అన్నాడు.

మరిది మండిపడ్డాడు. "కొత్త వైద్యుడికంటే పాత రోగి మేలన్నారు వదినా. వాడి మాట విని అన్నను పోగొట్టుకుంటావా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు రోజులు తిండి సయించలేదామెకు. చివరికి స్టూలెక్కి తనే బెల్టు దించింది.

రోజూ ఆ పది నిమిషాలూ వంటగదిలో ప్రాణాలు ఉగ్గబట్టుకుని మిషను చప్పుడు వినేది. ఒకసారి ఆయన ముక్కు చీదుకోవడానికి ఆగితే పాలగిన్నె చేజార్చింది.

పదకొండో రోజు చప్పుడు ఆగిపోయింది. మళ్లీ మొదలవలేదు. గదిలోకి తొంగిచూసే ధైర్యం చాలక, డాక్టరు కోసమని వీధి తలుపు తీసింది. ఆయన మెట్లమీదే ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎందుకాగింది?" అన్నాడు.

"మీరెప్పుడొచ్చారు?"

"రోజూ వస్తాను. ఇక్కడే కూర్చుని వింటాను. గుండెపోటు మనిషికి ఇలా చెప్పడం నాకూ ఇదే మొదలమ్మా."

ఇద్దరూ లోపలికి పరిగెత్తారు. దర్జీ చెమట తుడుచుకుంటూ విసుగ్గా చూశాడు. "ఉత్త మిషను ఎంతకని తొక్కను? కాస్త దారం ఇయ్యవే."

ఆమె గోడకు ఆనుకుని భోరుమంది. డాక్టరు నాడి చూడబోయాడు. రెండుసార్లు లెక్క తప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుని వచ్చి, ఆయన చెయ్యి పక్కకు జరిపి, మొగుడి మణికట్టు తాను పట్టుకుంది.

"మీరు గడియారం చూడండి. నేను లెక్కపెడతాను," అంది.