కోడిబొమ్మ హోటలు

తిరుపతిలో తిండికేం కరువు అనేవాళ్ళు ఆసుపత్రిలో మనిషిని పెట్టుకోని ఒకసారి ఆ ఊర్లో తిరిగి చూడాల. అప్పుడు తెలుస్తాది కరువంటే ఏందో.

మాది పలమనేరు పక్కన పల్లె. ఆవుల కొట్టంలో జారిపడి మా నాయన తుంటెముక విరగ్గొట్టుకున్నాడు. తిరుపతికి తీసకపోతే ఆపరేషన్ చేసినారు. అది బాగనే జరిగింది. కానీ నాయన తినడం మానేసినాడు. ఇంటికాడ సంగటి ముద్ద మింగి, చెంబెడు మజ్జిగ తాగి, మళ్ళీ కొట్టంలోకి పొయ్యే మనిషి, ఆడ మంచం మీద రెండు మెతుకులు నోట్లో ఏసుకోని "చాల్లే పాపా" అని గోడ పక్కకి తిరుక్కునేవాడు.

"తినకపోతే గాయం మానదు. గుడ్లు పెట్టండి, కోడి రసం పొయ్యండి. ఇట్లే ఉంటే ముక్కులో గొట్టమెయ్యాల్సి వస్తాది" అని డాక్టరమ్మ చెప్పేసి పక్క మంచం కాడికి పోయింది. గొట్టం మాట నాయన విన్నాడు.

"గొట్టాలూ వద్దు, ఏమీ వద్దు. నన్ను ఇంటికి తీసకపో. నా బతుకు అయిపోయింది" అన్నాడు.

రేపు ఏం తెచ్చేది నాయనా అని అడిగితే, "రేపటి మాట ఎందుకులే" అనేవాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండే కోపం. ఈ మనిషి ఇట్ల మొండికేసి నా కండ్ల ముందరే పోతాడేమో అని భయం. ఆ భయంతోనే ఊర్లో హోటళ్ళ మీద పడినాను.

గుడ్లూ కోడీ కుదరదు. అది పెరటాసి నెల. మా పక్క పెరటాసి అంటే ఎంకటేశ్వరుడి నెల, ఇంట్లో నీసు ముట్టరు. నెల పుట్టకముందే నీసు వండే కుండలూ చట్లూ తోమి, మూటగట్టి అటకెక్కించేస్తారు. మా నాయన ఇంకా ఒక మెట్టు పైన. నీసు వండే ఇంట్లో ఆ నెలంతా మంచినీళ్ళు గూడా తాగడు. అందుకని బోర్డు మీద కోడిబొమ్మ కనిపిస్తే చాలు, నేను మొగం తిప్పుకోని నడిచినాను.

మిగిలినవి శాకాహారం హోటళ్ళు. వాటికేం తక్కువ లేదు, లాడ్జీకొకటి ఉండాది. "మంచి హోటల్ యాడుండాది అన్నా" అని ఆటో అన్నని అడిగితే, నేరుగా తీసకపోయి ఒక అద్దాల హోటలు ముందర దించినాడు. ఆడ సాంబారు పాయసం మాదిరి తియ్యగా ఉండాది. ఫోన్లో చుక్కలు చూసి ఇంకో చోటికి పోతే ఇడ్లీ గట్టిగా, చట్నీ నీళ్ళగా. ఇంత తిండికి అన్ని చుక్కలు ఎవరిచ్చినారబ్బా అనుకున్నాను. కొండ దిగొచ్చినోళ్ళు ఇచ్చినారు, ఇంకెవరు. క్యూలో నిలబడి నిలబడి వస్తారు పాపం. ఆకలి రుచెరగదు అని ఊరికే అన్నారా!

నిజం చెప్పాలంటే వాళ్ళ తప్పు గూడా కాదు. ఆ ఊర్లో హోటలు పెట్టినోడు ఒకపక్క మద్రాసోళ్ళకి వండాల, ఒకపక్క ఉత్తరాదోళ్ళకి వండాల. పలమనేరు ముసలాయనకి వండేవాడు యాడ దొరుకుతాడు?

నాయన దేనికీ వంక పెట్టకుండా వదల్లేదు. పూరీ తెస్తే తోలు అన్నాడు. పెరుగన్నం తెస్తే "ఇది పెరుగా, సున్నమా" అన్నాడు. పాలు తెస్తే గ్లాసు వొంచి చూసి, "దీంట్లో ఆవు యాడుండాది" అన్నాడు. ఆయన వదిలేసింది నేను వరండాలో నిలబడి తినేదాన్ని. రుచి చూసే ఓపిక ఎప్పుడో పోయింది. ఎండలో తిరిగి తిరిగి కాళ్ళు వాచినాయి. పొట్లం పట్టుకోని మెట్లెక్కేటప్పుడే తెలిసిపోయేది, ఇది గూడా తినడని.

ఒక మజ్జాన్నం ఆసుపత్రి వెనక సందులో చెప్పు తెగింది. అబ్బ, అప్పుడొచ్చింది సూడండి ఏడుపు. నాయన తినకపోతే రాని ఏడుపు చెప్పు తెగితే వచ్చింది. పక్కనే ఉన్న మెట్టు మీద కూలబడినాను. తలెత్తితే నెత్తిన కోడిబొమ్మ. ఆ సందులో రోజూ పోతానే ఉండాను, ఆ బొమ్మని చూసి అవతలి పక్కకి దాటుకుంటానే ఉండాను.

లోపల ఒకామె పొయ్యి కాడ నిలబడి తెడ్డుతో సంగటి కెలుకుతా ఉండాది. రాగిపిండి ఉడికే వాసన. మా ఇంటి వాసన.

"మెట్టు మీద కూసున్నావేం మా? లోపలికి రా" అనింది.

"వద్దక్కా, పెరటాసి" అన్నాను.

ఆమె తెడ్డు ఆపి నవ్వింది. "నీకేనా పెరటాసి, నాకు లేదా? నెల పుట్టినప్పట్నించీ ఈడ కోడి కొయ్యలేదు. అటక మీద చూడు, కుండలన్నీ మూటగట్టి పెట్టినా. సంగటీ, ఆకుకూర ఎనిపిన పులగూరా, అంతే. బోర్డు దించాలంటే నిచ్చెన కావాల, యాడ దించేది? నీ మాదిరోళ్ళంతా బొమ్మ చూసి మొగం తిప్పుకోని పోతా ఉండారు. బేరమే లేదు."

చూసినాను. పాత చీరలో కట్టిన కుండల మూట అటక మీద ఉండాది, మా ఇంట్లో ఉన్నట్టే. ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉండాది అనుకున్నాను. ఇన్ని దినాలు ఊరంతా తిరిగింది దీనికోసమా? పొట్లం కట్టించుకోని, తెగిన చెప్పు చేతిలో పట్టుకోని, వట్టికాళ్ళతో వార్డుకి నడిచినాను.

పొట్లం విప్పంగానే నాయన గోడ పక్క నించి ఇటు తిరిగినాడు. "యాడిది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. పెరటాసి నెలలో ఆయన దగ్గర అబద్ధం ఆడలేక అంతా చెప్పేసినాను, కోడిబొమ్మతో సహా.

"కుండలు మార్చిందా?"

"మార్చింది నాయనా. మూట అటక మీద ఉండాది. నా కండ్లతో చూసినాను."

కొంచేపు నా మొగం చూసినాడు. నా వట్టికాళ్ళు గూడా చూసినాడు. వేలితో ముద్దని నొక్కి చూసినాడు. చిన్న ముద్ద తుంచి, పులగూరలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమల్లేదు. ఇంటికాడ మింగినట్టే గుటుక్కున మింగినాడు. ఇంకొకటి. ఇంకొకటి. నేను నీళ్ళ గ్లాసు పట్టుకోని నిలబడినాను. ఆకులో అంటుకున్న పులగూర వేలితో తుడిచి నాకినాడు.

చెయ్యి కడుక్కోని, ఎప్పటి మాదిరి మొగం చిట్లించినాడు. "కారం సాల్లేదు. రేపు ఇంకో రెండు మిరపకాయలు నూరమని చెప్పు ఆయమ్మకి."