లెన్ గారు నేర్పిన ఇంగ్లీషు

పిల్లలూ, మీరు నాటింగ్‌హామ్ నుంచి పోస్టులో పంపిన కవరు విప్పగానే ఆ వాసన గుప్పుమంది. పాత కాగితం, కాస్త చెమ్మ, ఎక్కడో పొగాకు. లోపల నా వయసంత కామిక్ పుస్తకం. వీడియో కాల్‌లో "డోంట్ యూ లైక్ ఇట్, అమ్మమ్మా?" అని అడిగారు. నెట్ సరిగ్గా లేదని చెప్పి కాల్ పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. మీ అమ్మ చదివి వినిపిస్తుంది.

మీ అమ్మ స్కూల్లో చేరిన ఏడాది, హారోలో మా ఫ్లాట్ కింద లెన్ అనే పెద్దాయన పాత పుస్తకాల కొట్టు నడిపేవారు. నన్ను పనిలో పెట్టుకున్నారు. మనం "అమ్మా" అన్నట్టు ఆయన అందర్నీ "లవ్" అని పిలిచేవారు. అప్పటికి నాకు వచ్చిన ఇంగ్లీషు "యెస్", "సారీ", అంతే. బేరాలు లేనప్పుడు స్టూలు మీద కూర్చోబెట్టి ఇలాంటి కామిక్సే పైకి చదివించేవారు. ఒకదాన్లో ఊళ్లోని దొంగలందరికీ నాయకుడైన మహా తెలివైనవాడు ఉన్నట్టుండి దొంగల్ని పట్టించడం మొదలుపెడతాడు.

"ఎందుకు మారాడు లెన్ గారూ?" అన్నాను.

"కథలో అయితే విసుగొచ్చి, లవ్. నిజంగా అయితే మోకాళ్లు అరిగి" అని నవ్వారు. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ చలికాలం మనవాళ్ల ఇళ్లలో వరసగా బంగారం పోయింది. ఒకరోజు టీకి పిలిస్తే లెన్ గారు వచ్చి, వంటింటి గుమ్మంలోనే నిలబడి, దేన్నీ తాకకుండా అన్నారు: "బియ్యం డబ్బా. లేదంటే పప్పు డబ్బా. ఆ తర్వాత దేవుడి అలమర."

మా అమ్మ ఇచ్చిన కాసులపేరు కందిపప్పులోనే ఉంది. మీ తాతయ్య మొహం పాలిపోయింది. "మీకెలా తెలుసండీ?" అన్నారు.

"ఒకప్పుడు నా పని అదే. దానికి జైల్లో కూడా ఉన్నాను. ఇప్పుడు మీవాళ్ల గుమ్మాలన్నీ ఎక్కి ఇదే చెబుతున్నాను. వెంటనే మార్చండి."

కొన్నాళ్లకు తాతయ్య హైదరాబాద్ బయల్దేరారు. ఆ మధ్యాహ్నం డబ్బాలో చెయ్యి పెట్టాను. మోచేతిదాకా పప్పే తగిలింది. పోలీసులకు ఫోన్ చేశాను. వచ్చినావిడ "ఇది ఇక్కడుందని ఎవరికి తెలుసు?" అని అడిగింది. తాతయ్య విమానంలో ఉన్నారు. ఆయన దిగేదాకా ఆగితే సరిపోయేది. నేను ఆగలేదు. లెన్ గారి పేరు చెప్పాను. అడక్కపోయినా జైలు సంగతి కూడా చెప్పాను.

బస్‌స్టాప్‌లో జనం చూస్తుండగా ఆయన్ని కొట్టులోంచి తీసుకెళ్లారు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ఆయన తల ఎత్తలేదు.

మర్నాడు హైదరాబాద్ నుంచి ఫోన్. "లెన్ మార్చమన్నాడు కదా! అటక మీద పాత కుక్కర్లో పెట్టా. నీకు చెప్పడం మర్చిపోయానే."

పోలీసులు ఆయన్ని వదిలేశారు. మన వీధి మాత్రం వదల్లేదు. ఆయన మాట విని బంగారం దాచిన చోటు మార్చుకున్న ఆంటీలే "మేం ముందే అనుకున్నాం" అన్నారు. కుక్కర్ సంగతి నేను ఎన్ని ఇళ్లలో చెప్పినా ఎవరికీ పట్టలేదు.

క్షమించమని అడగడానికి కొట్టుకి వెళ్లాను. ఆయన కామిక్స్ అట్టపెట్టెల్లో సర్దుతున్నారు.

"ఈ కథల్లో ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు ఈ మారిన దొంగ ఇంటికే వస్తారు. చదివావుగా" అన్నారు. నేను ఏడుస్తూ నిలబడ్డాను. ఆయన టేపు అంటిస్తూనే అన్నారు: "నీ ఇంగ్లీషు చాలా బాగుపడింది, లవ్. అన్నీ వివరంగా చెప్పావట."

ఆ నెలలోనే కొట్టు మూసేశారు. ఎక్కడికి వెళ్లారో ఎవరూ చెప్పలేదు. అడిగే మొహం నాకూ లేదు.

ఇప్పటికీ ఇంట్లో ఏదైనా కనపడకపోతే ముందు ఒక మనిషి పేరు నా నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. ఆ కాసులపేరు మళ్లీ మెడలో వేసుకోలేదు.

మీరు పంపిన పుస్తకం చదివాను పిల్లలూ. మొదటి పేజీ నుంచి చివరిదాకా, ఒక్క మాట దగ్గర కూడా తడుముకోలేదు.