అప్పాజీగారి సన్మానంలో గట్టిమేళం

గంగయ్య డోలు మీద దెబ్బ వేశాడంటే కొవ్వూరు స్టేషన్లో ఆగిన గూడ్సుబండి సిగ్నల్ కోసం చూడకుండా బ్రిడ్జి ఎక్కేసేది. నమ్మనివాళ్ళు గోదావరినే అడగొచ్చు. మండపేట చుట్టుపక్కల అతని గట్టిమేళం మోగకుండా ఏ మెడలోనూ తాళి పడలేదు. ముహూర్తం వేళ తుమ్ములూ చెడుమాటలూ ఎవరి చెవినా పడకూడదని కదా గట్టిమేళం! అలాంటి గంగయ్యకి పెళ్ళి మాత్రం కాలేదు.

ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణ క్యాంపుకి మనుషులు చాలలేదని మునసబు అప్పాజీగారు దారిన పోతున్న గంగయ్యని ట్రాక్టరెక్కించి ఆపరేషన్ చేయించారు. అప్పటికే తాంబూలాలు పుచ్చుకున్న పిల్ల తండ్రి ఆ సంగతి తెలియగానే సంబంధం వదులుకున్నాడు. తర్వాత ప్రభుత్వం మారింది. మునసబు పదవులూ పోయాయి. అప్పాజీగారు చొక్కా మార్చినంత సులువుగా జెండా మార్చారు.

తొంభై ఏడులో, స్వాతంత్ర్య స్వర్ణోత్సవాలప్పుడు, ఎమర్జెన్సీని ఎదిరించిన యోధుడని ఆయనకే సన్మానం పెట్టారు. మేళం గంగయ్యది.

“శాలువా కప్పేటప్పుడు నాలుగు దెబ్బలేసి వచ్చెయ్‌రా. పాతవి తవ్వకు,” అంది అక్క సుబ్బాయమ్మ.

“తవ్వేది నేనా అక్కా? ఆయనే నన్ను బతికుండగా పూడ్చేస్తున్నాడు!”

అప్పాజీగారు మైకు అందుకున్నారు. “ఆ చీకటి రోజుల్లో ఊళ్ళో ఒక్క పేదవాడి మీద చెయ్యి పడనిచ్చానా...”

గట్టిమేళం మోగిపోయింది.

“ఏంటయ్యా అది? ఇక్కడెవరైనా తాళి కడుతున్నారా?” అన్నారు అప్పాజీగారు.

“లేదండి. చెడుమాట వినబడిందండి.”

జనం గొల్లుమన్నారు. అప్పాజీగారు గొంతు పెంచారు. “నేనెవర్నీ బలవంతం...”

మళ్ళీ గట్టిమేళం. గంగయ్య ఇంకా గట్టిగా వాయించాడు. ఈ అబద్ధం ఇవాళ ఊరి నోట్లో నిలబడిపోతే తన బతుకే అబద్ధమైపోతుంది.

“పొగరెక్కిందేంట్రా నీకు?”

గంగయ్య డోలు పుల్ల కింద పడేశాడు. “నన్ను ట్రాక్టరెక్కించింది మీరు కాదాండి? పెళ్ళే కాని నన్ను ముగ్గురు పిల్లల తండ్రని డాక్టరుగారికి చెప్పింది మీరు కాదాండి?”

నవ్వులు ఆగిపోయాయి.

అంతే, జనమంతా ఒక్క ఉదుటున లేచి శాలువా పీకి, అప్పాజీగారిని కాలవ దాకా తరిమారని ఊళ్ళో ఈనాటికీ మీసాలు మెలేసి చెప్పుకుంటారు. తన ముందు ఎవరైనా ఆ కథ ఎత్తితే గంగయ్య మధ్యలోనే ఆపేస్తాడు.

“ఎవరూ కదల్లేదండి. భోజనాలు వడ్డిస్తున్నారంటే అప్పుడు లేచారు.”