ఈతగాళ్ళను ఏరిన మగ్దలీనమ్మ

మగ్దలీనమ్మ కళ్ళ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆ కళ్ళ మీద అబద్ధం టైపు కొట్టినవాణ్ణి నేనే కాబట్టి రాస్తున్నాను.

విడవలూరు దాటి సముద్రం వైపు పోతే మా పరిశోధన కేంద్రం వస్తుంది. పేరు పెద్దది, ఉన్నవి రెండు గదులూ ఒక షెడ్డూ. నేను అక్కడ గుమాస్తాను, నా పేరు లాజరస్. మగ్దలీనమ్మ ఇక్కడికి రాకముందు కొడవలూరులో ఒక రైసుమిల్లులో బియ్యంలో రాళ్ళేరేది. మిల్లుకు రాళ్ళను తనే ఏరేసే సార్టెక్స్ మిషను రాగానే ఏరే ఆడవాళ్ళందరినీ ఇంటికి పొమ్మన్నారు. సరిగ్గా అప్పుడే మా పెద్ద సైంటిస్టు సుశీల్ కుమార్ గారికి సీసాల్లో పురుగులు ఏరే మనిషి కావలసి వచ్చింది. డిగ్రీలు చదివినవాళ్ళు గంటకే తలనొప్పంటూ లేచిపోతున్నారు. బియ్యం ఏరిన చెయ్యి కదా అని ఆయన ఈమెను పిలిపించారు.

ఆ పనేమిటో చెబుతాను. నడిసముద్రంలో, వెయ్యి మీటర్ల లోతున, మనిషి పట్టేంత గరాటు ఒకటి వేలాడదీస్తారు. దాని కింద వరసగా సీసాలుంటాయి. పదిహేను రోజులకొక సీసా తిరిగి గరాటు మూతి కిందికి వస్తుంది. ఏడాదికి పైకి లాగితే ఒక్కో సీసాలో చిటికెడు మడ్డి. ఆ మడ్డి కోసమే ఇంత తంటా. సముద్రం పైపైన కంటికి ఆనని పచ్చ ఒకటి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని పెరుగుతుంది. దాన్ని నువ్వుగింజంత రొయ్యజాతి పురుగులు మేస్తాయి. వాటి రెట్టలు, కళేబరాలు, విడిచిన కుబుసాలు నలుసులై రేయింబవళ్ళు కిందికి రాలుతూనే ఉంటాయి. వాటితో పాటు అంత లోతుకు దిగిన బొగ్గు వందల ఏళ్ళ దాకా మళ్ళీ గాలిలోకి రాదు. మన లారీల పొగలో కొంతైనా అలా అడుక్కు పోబట్టే ఈ ఎండలు ఈపాటితో ఆగాయి.

అయితే కొన్ని పురుగులు రాలినవి కావు. మేత కోసం బతికుండగానే ఈదుకుంటూ వచ్చి గరాటులో పడి, సీసాలో కుళ్ళకుండా పోసిన మందుకు చచ్చినవి. వాటిని లెక్కలో కలపకూడదు. కలిపితే అడుక్కు పోని బొగ్గు పోయినట్టు చూపించినట్టే. మగ్దలీనమ్మ వాటిని ఈతగాళ్ళు అనేది. మైక్రోస్కోపు కింద, సన్నటి పట్టకారుతో, ఒక్కొక్కదాన్నే తీసి పక్కన పెట్టేది. కాళ్ళూ మీసాలూ చెక్కుచెదరకుండా ఉంటే ఈతగాడు, నలిగి డొల్లగా ఉంటే రాలింది. అలా పదకొండేళ్ళు ఏరింది. నేనొకసారి సరదాకి కూర్చుని చూశాను, పది నిమిషాలకే నాకన్నీ ఒకేలా కనబడ్డాయి.

సుశీల్ కుమార్ గారు రిటైరయ్యాక పద్మనాభయ్య గారు వచ్చారు. ఆయన వెంట ఒక కంపెనీ వచ్చింది. వరికి యూరియా చల్లినట్టు సముద్రానికి ఏదో పొడి చల్లుతారట, పచ్చ పెరుగుతుందట, మూడింతల బొగ్గు అడుక్కు పోతుందట. పోయిందని కాగితం చూపిస్తే, పొగ వదిలే ఫ్యాక్టరీలు దాన్ని కొనుక్కుని తమ పాపం తీరిందనుకుంటాయట. సరే, పొడి చల్లారు, సీసాలు వచ్చాయి. మేత పెరిగితే మేసేవీ పెరుగుతాయి కదా, ఎక్కడ చూసినా ఈతగాళ్ళే. ఆమె ఏరేశాక మిగిలిన మడ్డి మాత్రం ఎప్పటిలాగే చిటికెడు.

పద్మనాభయ్య గారు మర్యాదస్తుడు, గొంతు పెంచరు. పెద్దవి తీసేసి చిన్నవి మడ్డిలోనే వదిలెయ్యమ్మా, అంత పట్టింపు దేనికి అని నవ్వుతూ చెప్పారు. మగ్దలీనమ్మ పట్టకారు కింద పెట్టి లేచి నిలబడింది.

"చిన్నదైనా ఈదుకుంటా వచ్చిందే గదా సార్. రాలిందని ఎట్ట చెప్పేది?" అంది.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం అంటారు. మా ఆఫీసులోనూ అందరూ పెద్దమనుషులే, కాకపోతే ఇక్కడ రొయ్యలు మాయం కాలేదు, ఎక్కువయ్యాయి. ఆమె ఏరి పక్కన పెట్టినవన్నీ తిరిగి సీసాల్లో పోయించారు. మర్నాడు ఇంగ్లీషులో ఉత్తరం కొట్టమని నాకు చీటీ వచ్చింది. చూపు మందగించి పొరపాట్లు చేస్తున్నందువల్ల మగ్దలీనమ్మను పనిలోంచి తీసేస్తున్నామని దాని సారాంశం. ఆమె అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించడం నేను చూశాను. చూసి కూడా కొట్టాను. నా రిటైర్మెంటు పద్నాలుగు నెలల్లో ఉంది. తిలాపాపం తలా పిడికెడు అని సర్దిచెప్పుకుని, ఆ పూట అన్నం కూడా తిన్నాను.

ఆమె వచ్చి నిలదీస్తుందని కొన్నాళ్ళు భయపడ్డాను. రాలేదు. నాలుగు నెలల తర్వాత మా ఆవిడ చెప్పింది, స్త్రీల కూటంలో మగ్దలీనమ్మ వాక్యం చదవడం మానేసిందని. ఎవరు బైబిలు చేతికిచ్చినా పక్కవాళ్ళకు ఇచ్చేస్తోందట. ఆ ఆదివారం ఆరాధన కాగానే ఆమె ఇంటికి వెళ్ళాను. వసారాలో ఊరికే కూర్చుని ఉంది. ఏమైంది, ఎందుకు చదవడం లేదు అని అడిగాను. ఉత్తరం పాస్టరు గారి చేత చదివించుకున్నానని చెప్పింది.

"ఆఫీసు కాగితంలో ఊరికే రాస్తారా అన్నా? చూపు పోయేవోళ్ళకి పోతా ఉండాదని తెలవదంట. ఈసారి అన్ని ఈతగాళ్ళు కనబడినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పదకొండేళ్ళల్లో రాలినవాటిని ఎన్ని తీసి పారేసినానో. ఆ పాత పెద్దసారు లెక్కలన్నీ నేనే చెడగొట్టినాను."

పని పోయినందుకు కాదు, పని తప్పుగా చేశానని ఏడుస్తోంది. నాకు నా మీద అసహ్యం వేసింది.

"నీ కళ్ళు బాగుండాయి మగ్దలీనమ్మా. ఆ కాగితం అబద్ధం. సారు రాయమన్నాడు, నేనే టైపు కొట్టినాను," అన్నాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని నా ముఖంలోకి చూసింది. తర్వాత జాలిగా నవ్వింది.

"నన్ను ఓదార్చేదానికి నీ మీదేసుకుంటుండావా లాజరన్నా? నువ్వట్టాంటి పని చేసే మనిషివి కావు."

కోడల్ని పిలిచి నాకు కాఫీ పెట్టమంది. తాగి వచ్చాను.